బెంగళూరు నుంచి హనుమకొండ ఇంటి హబ్బును నడపడం: పోర్టు ఫార్వార్డింగ్ ఎందుకు పనిచేయడం లేదు, ఏది పనిచేస్తుంది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ తల్లిదండ్రులు హనుమకొండలోని సొంత ఇంట్లో ఉంటున్నారు, మీరు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నారు. సంపు మోటరు, గీజరు, గేటు దగ్గరి లైటు, వరండా ఫ్యాను ఒక హబ్బుకు, అంటే ఇంటి స్మార్ట్ పరికరాలన్నింటినీ ఒకచోటి నుంచి నడిపే పెట్టెకు, కలిపారు. ఇంటి వైఫైలో ఉన్నంతసేపు ఫోను నుంచి అన్నీ పనిచేస్తున్నాయి, బయటికి వెళ్ళగానే హబ్బు అందడం లేదు. రౌటరులో పోర్టు ఫార్వార్డింగ్ (బయటి నుంచి వచ్చే అభ్యర్థనను ఇంట్లోని ఒక పరికరానికి పంపే అమరిక) పెట్టినా ఫలితం లేదు కాబట్టి హబ్బు మార్చాలా అని అడిగారు. హబ్బు మార్చనవసరం లేదు. వడ్డేపల్లిలో మా అమ్మ, బాపు ఉండే ఇంట్లో దాదాపు ఇదే ఏర్పాటును నేను హైదరాబాదు నుంచి కొన్నేళ్ళుగా నడుపుతున్నాను. ఆ అనుభవంతో ముందు మీ సమస్యకు కారణం చెప్పి, తరువాత మీరు అడగకపోయినా తప్పక ఆలోచించవలసిన మోటరు విషయానికి వస్తాను.

ఐపీవీ4 అనే ఇంటర్నెట్ చిరునామాల పద్ధతిలో ప్రపంచం మొత్తానికి ఉన్న చిరునామాలు సుమారు 430 కోట్లు మాత్రమే. ఇంటింటికీ విడి చిరునామా ఇవ్వడానికి అవి చాలవు కాబట్టి, ఇంటర్నెట్ కంపెనీలు వందల ఇళ్ళను ఒకే బహిరంగ చిరునామా వెనుక ఉంచుతాయి. ఈ ఏర్పాటును క్యారియర్ గ్రేడ్ న్యాట్ అంటారు. దీని కోసమే 2012లో 100.64.0.0 నుంచి 100.127.255.255 వరకు ఒక చిరునామాల వరుసను ప్రత్యేకంగా కేటాయించారు. మీ రౌటరులో పోర్టు తెరవడమంటే మీ ఇంటి తలుపు తెరవడమే గాని, దానికి ముందున్న కంపెనీ పెద్ద తలుపు మీ చేతిలో లేదు. బయటి నుంచి వచ్చిన అభ్యర్థన కంపెనీ పరికరం దగ్గరే ఆగిపోతుంది, మీ రౌటరు దాకా రానే రాదు. అందువల్ల మీరు రౌటరులో ఎంత సరిగ్గా అమర్చినా ఫలితం ఉండదు.

మీ ఇంటి పరిస్థితి ఇదేనా అని తేల్చుకోవడం సులభం. రౌటరు స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ అని, రౌటరుకు బయటి వైపున్న చిరునామా ఒకటి కనిపిస్తుంది. అదే వైఫైలో ఉన్న ఫోనులో, మీ బహిరంగ ఐపీని చూపించే ఏదైనా వెబ్‌సైటు తెరిచి, రెండింటినీ పోల్చండి. రెండూ ఒకటే అయితే మీ చిరునామా మీదే. వేర్వేరుగా ఉండి, రౌటరులోనిది 100.64 నుంచి 100.127 మధ్యలోనో లేదా మొదటి చుక్కకు ముందు 10 అనే అంకెతోనో మొదలైతే మీరు న్యాట్ వెనుక ఉన్నట్టే. అయితే ఫైబర్ పెట్టె ఒకటి, రౌటరు వేరొకటి ఉన్న ఇళ్ళలో రౌటరుకు 192.168తో మొదలయ్యే చిరునామా కనిపించవచ్చు. అప్పుడు ఫైబర్ పెట్టె పేజీలోకి వెళ్ళి అక్కడి వ్యాన్ ఐపీని చూడవలసి ఉంటుంది. కొన్ని కంపెనీలు అదనపు రుసుముతో స్టాటిక్ ఐపీ, అంటే మీకే చెందిన మారని బహిరంగ చిరునామా, ఇస్తాయి, కానీ మీ అవసరానికి దానిని కొనమని నేను చెప్పను.

ఎందుకంటే, స్టాటిక్ ఐపీ ఉన్నా హబ్బు పోర్టును బయటి ప్రపంచానికి తెరిచి ఉంచడం మంచిది కాదు. తెరిచి ఉన్న పోర్టుల కోసం ఇంటర్నెట్ మొత్తాన్ని జల్లెడ పట్టే యంత్రాలు రాత్రింబవళ్ళు పనిచేస్తూనే ఉంటాయి. 2016లో వచ్చిన మిరాయ్ అనే హానికర ప్రోగ్రాము, తయారీదారు పెట్టిన పాస్‌వర్డును యజమానులు మార్చని కెమెరాలను, రౌటర్లను లక్షల సంఖ్యలో లొంగదీసుకుని వాటితోనే పెద్ద పెద్ద వెబ్‌సైట్లపై దాడులు చేయించింది. మీ హబ్బు చేతిలో ఉన్నది లైటు మాత్రమే కాదు, మోటరు, గీజరు కూడా ఉన్నాయి. కాబట్టి మీరు ఇప్పటికే పెట్టిన పోర్టు ఫార్వార్డింగును తీసివేయండి. రౌటరులో యూపీఎన్‌పీ అనే సదుపాయం ఆన్‌లో ఉంటే దానిని కూడా ఆపండి. అది ఆన్‌లో ఉంటే ఇంట్లోని ఏ పరికరమైనా మిమ్మల్ని అడగకుండా తనకు తానే పోర్టు తెరుచుకోగలదు.

మరి తయారీదారుల యాప్‌లు బయటి నుంచి ఎలా పనిచేస్తున్నాయి? అవి ఇంటి తలుపు తట్టవు. ఇంట్లోని హబ్బే ముందుగా బయటి సర్వరుకు సంబంధం కలుపుకుని, దానిని తెంచకుండా, మధ్యమధ్యలో చిన్న పలకరింపు సందేశాలు పంపుతూ నిలుపుకుంటుంది. ఇంటి మనిషి బయటికి ఫోను చేసి లైను కట్ చేయకుండా ఉంచితే అవతలి వారు ఎప్పుడైనా మాట్లాడగలిగినట్టే, ఆ సంబంధం గుండా సర్వరు మీ ఆదేశాన్ని హబ్బుకు అందిస్తుంది. లోపలి నుంచి బయటికి వెళ్ళే సంబంధాన్ని న్యాట్ అడ్డుకోదు. ఈ పద్ధతిలో పోర్టు తెరవనవసరం లేదు, స్టాటిక్ ఐపీ అవసరం లేదు, ఇంట్లో ఫైబర్ ఉన్నా, సిమ్ కార్డు రౌటరు ఉన్నా తేడా రాదు. మీ సమస్యకు పరిష్కారం ఈ దారిలోనే ఉంది. ఆ బయటి సర్వరు ఎవరిది కావాలన్నదే మీరు నిర్ణయించుకోవలసిన విషయం.

అన్నింటికన్నా తేలికైనది తయారీదారు సర్వరు. ఖాతా తెరిచి, హబ్బును అందులో నమోదు చేస్తే చాలు. సాంకేతిక విషయాలపై ఆసక్తి లేని వారికి నేను దీనినే సూచిస్తాను. దీని బలహీనత ఏమిటంటే, కంపెనీ నిర్ణయం మారితే మీ ఇంటి పరికరం పనికిరాకుండా పోవచ్చు. అమెరికాలో రివాల్వ్ అనే హబ్బు తయారు చేసిన సంస్థను నెస్ట్ 2014లో కొని, 2016 మే నెలలో ఆ సర్వర్లను ఆపివేసింది. డబ్బు పెట్టి కొన్నవారి ఇళ్ళలో ఆ హబ్బులు ఉత్త డబ్బాలుగా మిగిలాయి. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే మరో సంస్థ సర్వర్లు ముందస్తు సమాచారం లేకుండా ఆగిపోయాయి. అయితే ఇన్‌స్టియాన్ పరికరాలను సొంత కంప్యూటరుకు కలుపుకున్న వారి ఇళ్ళలో అవి ఆ తరువాత కూడా పనిచేశాయి. కాబట్టి ఏ కంపెనీ సరుకు కొన్నా, ఇంటర్నెట్ లేకపోయినా ఇంటి వైఫై మీద అది నడుస్తుందా అని ముందే చూసుకోండి. వేర్వేరు కంపెనీల స్మార్ట్ పరికరాలు కలిసి పనిచేసేందుకు 2022 అక్టోబరులో వెలువడిన మ్యాటర్ ప్రమాణం ఇంటి లోపలి నియంత్రణకే రూపొందింది కాబట్టి, ఆ గుర్తు ఉన్న పరికరాలు ఈ విషయంలో కొంత భరోసా ఇస్తాయి.

మా ఇంట్లో నేను పెట్టింది హోమ్ అసిస్టెంట్. ఇది 2013 నుంచి అభివృద్ధి అవుతున్న ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటరు మీదైనా, పాత ల్యాప్‌టాప్ మీదైనా నడుస్తుంది. చాలా కంపెనీల పరికరాలను ఒకే తెర మీదికి తెస్తుంది, ఆటోమేషన్ నియమాలన్నీ ఇంట్లోని కంప్యూటరులోనే ఉంటాయి. బయటి నుంచి దానిని చేరడానికి నేను టెయిల్‌స్కేల్ వాడుతున్నాను. వైర్‌గార్డ్ అనే సురక్షిత పద్ధతి మీద ఆధారపడిన ఈ సేవ, నా ఫోనును, ఇంటి కంప్యూటరును ఒకే ప్రైవేటు నెట్‌వర్కులో ఉన్నట్టు కలుపుతుంది. వ్యక్తిగత వాడకానికి ఉచిత పథకం ఉంది. వీలైతే రెండు పరికరాల మధ్య నేరుగా దారి ఏర్పరుస్తుంది, వీలుకాకపోతే తన మధ్యవర్తి సర్వరు గుండా పంపుతుంది, ఏ దారిన వెళ్ళినా సమాచారం గూఢలిపిలోనే ఉంటుంది. నా ఖాతాలో చేరని ఫోనుకు మా హబ్బు లాగిన్ పేజీ కూడా కనిపించదు. ఈ కారణం వల్లనే, ఇంటి హబ్బును ఒక వెబ్ చిరునామా ద్వారా బయటికి చేర్చే క్లౌడ్‌ఫ్లేర్ టనెల్ అనే సేవ కంటే దీనిని ఇష్టపడ్డాను. టనెల్ పద్ధతిలో సొంత డొమైన్ పేరు కావాలి, పైగా అదనపు తనిఖీ పెట్టుకోకపోతే లాగిన్ పేజీ అందరికీ కనిపిస్తుంది. ఇవేవీ వద్దనుకుంటే, హోమ్ అసిస్టెంట్‌ను స్థాపించిన వారే నడిపే నబూ కాసా చందా తీసుకోవచ్చు. చేతిపని తక్కువ, ఆ చందాతో ప్రాజెక్టు అభివృద్ధికి తోడ్పడినట్టూ అవుతుంది. దుబాయిలో ఉంటూ జగిత్యాల ఇంటిని చూసుకునే మా చిన్నాన్న కొడుక్కి నేను ఈ చందాయే పెట్టించాను. టెయిల్‌స్కేల్ వంటి ప్రైవేటు నెట్‌వర్కును వీపీఎన్ అంటారు. వీపీఎన్ వాడకంపై కొన్ని గల్ఫ్ దేశాల్లో చట్టపరమైన ఆంక్షలు ఉన్నాయి కాబట్టి, అక్కడివారు టెయిల్‌స్కేల్ జోలికి వెళ్ళకపోవడమే క్షేమం.

ఇంతవరకు మీరు అడిగిన దానికి జవాబు. ఇక మోటరు సంగతి. ఆదేశం ఇంటికి చేరినంత మాత్రాన పని పూర్తికాదు. మీరు బెంగళూరులో మోటరు ఆన్ చేశారు, అది తిరగడం మొదలైంది, ఆ తరువాత ఇంట్లో ఇంటర్నెట్ పోయింది. ఇప్పుడు దానిని ఎవరు ఆపుతారు? దీనికి సరైన జవాబు లేనంతవరకు మోటరును దూరం నుంచి నడపకూడదని నా గట్టి అభిప్రాయం. ఆపే బాధ్యత ఎప్పుడూ ఇంట్లోని పరికరాలదే కావాలి, ఫోనుది కాకూడదు.

మా ఇంట్లో దీనికి మూడు అంచెలు ఉన్నాయి. అన్నింటికన్నా ముఖ్యమైనది ఏ ప్రోగ్రామూ లేనిది. పై ట్యాంకులో ఒక ఫ్లోట్ స్విచ్ (నీటి మట్టాన్ని బట్టి తేలుతూ కలిసే, తెగే స్విచ్), సంపులో ఒక ఫ్లోట్ స్విచ్ పెట్టించి, రెండింటినీ మోటరు కాంటాక్టరు (మోటరు కరెంటును కలిపి తెంచే పెద్ద స్విచ్) కాయిల్ వైరులోనే వరుసగా కలిపించాను. ట్యాంకు నిండితే పైది తెగుతుంది, సంపు అడుగంటితే కిందిది తెగుతుంది, రెంటిలో ఏది తెగినా మోటరు ఆగుతుంది. హబ్బు పాడైనా, కంప్యూటరు ఆగినా, నేను ఫోను పోగొట్టుకున్నా ఈ ఏర్పాటు పనిచేస్తుంది. మిషన్ భగీరథ నీళ్ళు వచ్చినప్పుడు సంపు నిండడం, రానప్పుడు అడుగంటడం మన దగ్గర మామూలే కాబట్టి, కింది ఫ్లోట్‌ను ఖర్చు తగ్గించుకోవడం కోసం వదిలేయకండి. రెండో అంచె స్విచ్ పరికరంలోనే ఉండే టైమరు. ఆన్ అయిన తరువాత నిర్ణీత సమయానికి తనంతట తానే ఆఫ్ అయ్యే సదుపాయం చాలా రిలేలలో (ఆదేశం అందగానే కలిసి తెగే చిన్న స్విచ్ పరికరాలలో) ఉంటుంది, కొన్ని యాప్‌లలో దీనిని ఇంచింగ్ అంటారు. నిమిషానికి 40 లీటర్లు ఎత్తే మోటరు 1000 లీటర్ల ట్యాంకును 25 నిమిషాల్లో నింపుతుంది కాబట్టి, అటువంటి చోట 30 నిమిషాల పరిమితి సరిపోతుంది. హబ్బులోని నియమాలు మూడో అంచె మాత్రమే.

కాంటాక్టరు అన్నాను కాబట్టి దాని అవసరం కూడా చెప్పాలి. 16 ఆంపియర్లని రాసి ఉన్న స్మార్ట్ ప్లగ్గుకు ఒక హార్స్‌పవర్ మోటరును నేరుగా తగిలించడం చాలా ఇళ్ళలో చూశాను. నడుస్తున్నప్పుడు ఆ మోటరు తీసుకునే కరెంటు ఆ పరిమితిలోనే ఉంటుంది, కానీ మొదలయ్యే క్షణంలో దానికి అనేక రెట్లు లాగుతుంది. రోజూ ఆ తాకిడి తగిలితే లోపలి చిన్న రిలే కొనలు వెల్డింగు అయినట్టు అతుక్కుపోవచ్చు. అప్పుడు యాప్‌లో ఆఫ్ అని కనిపిస్తున్నా మోటరు తిరుగుతూనే ఉంటుంది. అందువల్ల స్మార్ట్ రిలే కాంటాక్టరు కాయిల్‌ను మాత్రమే నడపాలి, మోటరు భారాన్ని కాంటాక్టరు మోయాలి, దానికి తగిన ఓవర్‌లోడ్ రక్షణ తోడుగా ఉండాలి. ఈ పని మోటరు స్టార్టర్లు కట్టే అనుభవమున్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. గీజరు ఇంత ఇబ్బంది పెట్టదు. 3 కిలోవాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర సుమారు 13 ఆంపియర్లు స్థిరంగా తీసుకుంటుంది. మంచి 16 ఆంపియర్ల స్విచ్, దానికి విడిగా ఎంసీబీ, 20 నిమిషాల ఆటో ఆఫ్ ఉంటే చాలు.

దూరం నుంచి నడిపేవారికి అన్నింటికన్నా విలువైన సమాచారం వాట్ల లెక్క. తెర మీద ఆన్ అని చూపడం అంటే రిలే కలిసిందని మాత్రమే, మోటరు నీళ్ళు ఎత్తుతోందని కాదు. అందుకని మోటరుకు వెళ్ళే ఫేజు వైరు చుట్టూ సీటీ క్లాంపు (వైరును తెంచకుండా దాని చుట్టూ బిగించి కరెంటును కొలిచే పట్టీ) ఉన్న మీటరు పెట్టించాను. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. రిలేలోనే ఉన్న మీటరు కాంటాక్టరు కాయిల్ వాడకాన్ని మాత్రమే కొలుస్తుంది కాబట్టి, మోటరు లెక్కకు అది పనికిరాదు. మా మోటరు నీళ్ళు ఎత్తుతున్నప్పుడు 1000 వాట్లకు కాస్త పైన తీసుకుంటుంది. ఆన్ అని ఉండి సున్నా చూపితే ఫ్లోట్ తెగిందని గాని, ఓవర్‌లోడ్ ట్రిప్ అయిందని గాని తెలుస్తుంది. మామూలు కంటే బాగా తగ్గితే నీళ్ళు అందకుండా ఉత్తగా తిరుగుతోందని అర్థం. తగ్గిన వాట్లు కొద్దిసేపు అలాగే ఉంటే మోటరు ఆపి నా ఫోనుకు సందేశం పంపమని హబ్బులో నియమం రాసిపెట్టాను. ఎక్కడో కూర్చుని ఇంట్లో ఏం జరుగుతోందో నమ్మకంగా చెప్పగలగడం ఈ మీటరు వచ్చిన తరువాతే సాధ్యమైంది.

వానాకాలంలో గాలివానకు కరెంటు పోయినప్పుడు రెండు విషయాలు పరీక్షకు వస్తాయి. మొదటిది, హబ్బు, రౌటరు, ఫైబర్ పెట్టె, మూడూ ఇన్వర్టరు లైను మీద ఉండాలి. ఇన్వర్టరు లేకపోతే 12 వోల్టుల చిన్న డీసీ యూపీఎస్ పెట్టవచ్చు, అయితే మీ రౌటరు అడాప్టరు మీద కూడా 12 వోల్టులనే ఉందో లేదో సరిచూసుకోండి. చాలామంది రౌటరుకు పెట్టి ఫైబర్ పెట్టెను మరిచిపోతారు. హోమ్ అసిస్టెంట్‌ను ఎస్‌డీ కార్డు మీద నడిపితే, హఠాత్తుగా కరెంటు పోయినప్పుడు కార్డు పాడయ్యే ప్రమాదం ఉంది కాబట్టి, ఎస్ఎస్‌డీ వాడి, బ్యాకప్ కాపీని మీ దగ్గర కూడా ఉంచుకోండి. రెండవది, కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఏ పరికరం ఏ స్థితిలో మేలుకోవాలన్నది. ప్రతి స్మార్ట్ స్విచ్‌లో ఈ అమరిక కోసం వెతికి, మోటరుకు, గీజరుకు తప్పనిసరిగా ఆఫ్ అని పెట్టండి. లైట్లకు మునుపటి స్థితి అని పెట్టుకోవచ్చు. పిడుగులు, హెచ్చుతగ్గుల వోల్టేజీ దృష్ట్యా మెయిన్ బోర్డులో సర్జ్ రక్షణ పరికరం, దానికి సరైన ఎర్తింగు ఉండాలి. 2023 జులైలో నయీంనగర్ వైపు కాలనీల్లోకి నీళ్ళు వచ్చిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. మోటరు పెట్టె, హబ్బు, రౌటరు నేల నుంచి ఛాతీ ఎత్తుకు తక్కువ కాకుండా బిగించండి.

రేడియో సంకేతాల గురించి క్లుప్తంగా చెబుతాను. చాలా స్మార్ట్ స్విచ్‌లు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీదే పనిచేస్తాయి కాబట్టి, జత చేసే సమయంలో రౌటరులో ఆ బ్యాండుకు విడి పేరు పెడితే తిప్పలు తప్పుతాయి. కొన్ని స్మార్ట్ పరికరాలు వైఫైకి బదులు వాడే జిగ్బీ అనే రేడియో పద్ధతి కూడా అదే 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలో ఉంటుంది. వైఫైని 1వ ఛానల్‌లో ఉంచి జిగ్బీని 25వ ఛానల్‌లో పెడితే రెండూ ఒకదానికొకటి అడ్డురావు. స్లాబు దాటి పై అంతస్తుకు సంకేతం అందాలంటే, మధ్యలో కరెంటుతో నడిచే జిగ్బీ ప్లగ్గు ఒకటి పెట్టండి, అది సందేశాన్ని ముందుకు చేరవేస్తుంది. బ్యాటరీ సెన్సర్లు ఆ పని చేయవు. స్విచ్ బోర్డులో న్యూట్రల్ వైరు ఉందా అన్న సందేహం వస్తే, సాకెట్ ఉన్న బోర్డులో అది ఉంటుందని గుర్తుంచుకోండి. వ్యవసాయ బావి దగ్గరి త్రీఫేజు మోటరును కూడా ఈ హబ్బుకే కలపాలన్న ఆలోచన ఉంటే విరమించుకోండి. పరకాల, నర్సంపేట వైపు రైతులు వాడే సిమ్ కార్డు ఉన్న మొబైల్ స్టార్టరు అక్కడికి సరైనది.

ఆ ఇంట్లో ఉండేది మీరు కాదు, మీ తల్లిదండ్రులు. గోడ మీది ప్రతి స్విచ్ మునుపటిలాగే పనిచేయాలి. మా బాపు ఇప్పటికీ వరండా లైటును చేత్తోనే వేస్తారు, ఆయనకు హబ్బు ఉన్నదన్న స్పృహ కూడా కలగకూడదన్నదే నా ఉద్దేశం. అందుకే బల్బును మార్చకుండా, స్విచ్ వెనుక రిలే పెట్టించాను. స్మార్ట్ బల్బు పెడితే గోడ స్విచ్ ఆపగానే అది కూడా హబ్బుకు అందకుండా పోతుంది. మోటరు పక్కన చేతికి అందే చోట, ఏ పరికరంతోనూ సంబంధం లేకుండా కరెంటు పూర్తిగా తెంచే ఐసొలేటరు పెట్టించి, దానిని అమ్మకు, బాపుకు చూపించాను. మరమ్మతుకు ఎవరు వచ్చినా ముందు దానిని ఆపాలని చెప్పి ఉంచాను, ఎందుకంటే ఆ సమయంలో నేను దూరం నుంచి మోటరు ఆన్ చేస్తే ప్రాణాపాయం. కెమెరా గేటు వరకే పరిమితం చేయండి, అది కూడా వారి ఇష్టం కనుక్కున్న తరువాతే. ఇంట్లో ప్రతి ఒక్కరికీ విడి ఖాతా, మీ ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ పెట్టండి. స్మార్ట్ పరికరాలను వీలైతే గెస్ట్ వైఫైలో ఉంచండి.

ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు ఈ వరుసలో చేయండి. ముందుగా పోర్టు ఫార్వార్డింగ్ తీసివేసి, తయారీదారు ఖాతా గాని, టెయిల్‌స్కేల్ గాని పెట్టి, ఫోనులో వైఫై ఆపి మొబైల్ డేటా మీద లైటు వేసి చూడండి. అది పనిచేస్తే మీరు అడిగిన సమస్య తీరినట్టే. తరువాత మెయిన్ స్విచ్ ఆపి, కొద్దిసేపటికి తిరిగి వేసి, ఏ పరికరం ఏ స్థితిలో మేలుకుందో చూడండి. మోటరును ఫ్లోట్లు, కాంటాక్టరు బిగించిన తరువాతే హబ్బుకు కలపండి. బిగించాక మోటరు నడుస్తుండగా రౌటరును ఆపి, పై ట్యాంకులోని ఫ్లోట్‌ను చేత్తో ఎత్తి, మోటరు ఆగుతుందో లేదో స్వయంగా పరీక్షించండి. ఎక్కడైనా చిక్కు వస్తే హబ్బు మోడలు, మోటరు హార్స్‌పవర్, వ్యాన్ ఐపీలోని మొదటి రెండు అంకెల భాగాలు మాత్రమే ఇక్కడ రాయండి. పూర్తి చిరునామా బహిరంగంగా రాయకండి. ఆ వివరాలు ఉంటే మీ ఇంటికి సరిపోయే అమరికను నేను రాసి ఇవ్వగలను.